మేట్రనమ్మ సెలవు

నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గరున్న ట్రావెల్స్ ఆఫీసులోకి లూదియమ్మ అడుగుపెట్టిందో లేదో, భరణి అడక్కుండానే హోలీల్యాండ్ యాత్ర కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో అతని తప్పేం లేదు. ఆళ్లగడ్డ, రుద్రవరం, గోస్పాడు చుట్టుపక్కల చర్చి కుటుంబాలు విమానం ఎక్కుతామంటే అది యెరూషలేముకే. భరణి వాళ్ల నాన్న రామలింగయ్య బజారులో బట్టల కొట్టు పెట్టుకుని, శనివారం ఒంటిపూట తినే మనిషి. కొడుకు మాత్రం యొర్దాను నదిలో ఏ రేవులో మునగాలో, బేత్లెహేములో పెరుగన్నం ఎక్కడ దొరుకుతుందో పాస్టర్లకే పాఠం చెప్పగలడు.

“యెరూషలేము కాదప్పా, బార్బడోస్,” అంది లూదియమ్మ.

భరణి పెన్ను కింద పెట్టాడు. “అది వెస్టిండీస్ గదా మేడం. ఆడ మీవాళ్లు చూసేదేముంది?”

“ఏం లేదు. అందుకే పోతాండాం.”

“సభలేమన్నా ఉండాయా?”

“సముద్రముంది. దాని ఒడ్డున కూర్చుంటా. ఇంగేం రాసుకోవాల్నో నువ్వే రాసుకో.”

భరణి కాశీ, షిర్డీ, గోవా, దుబాయి అన్నీ అమ్మాడు గానీ, అరవై దాటిన పెద్దామె వచ్చి ఊరికే కూర్చోవడానికి భూగోళం అవతలకు టికెట్టు అడగడం అతనికి ఇదే మొదలు. అప్పటికప్పుడు కంప్యూటర్లో ఆ దీవి ఎక్కడుందో వెతికాడు. వేలితో చూపించబోతే ఆ చుక్క వేలి కిందే మాయమైపోయింది.

లూదియమ్మ బతుకు తెలిస్తే అంత విస్తుపోయేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో నంద్యాలలో ఆడపిల్లల హాస్టలుకు మేట్రన్‌గా చేరిన మనిషి, జుట్టు నెరిశాక గానీ బయటికి రాలేదు. తెల్లవారకముందే లేచి గంట కొట్టడం, పేలు దువ్వడం, సంగటి గెలికించడం, ఎవరికి జ్వరమొచ్చినా పక్కన కూర్చోవడం, ఇదే పని. వేసవి సెలవులొస్తే పిల్లలు మూటలు సర్దుకుని ఊళ్లకు పోయేవాళ్లు. పోవడానికి ఊరూ ఇల్లూ లేని పిల్లలు కొందరు మిగిలేవాళ్లు, వాళ్లతో పాటు లూదియమ్మా మిగిలేది. సెలవు అనే మాట ఆమెకు ఎప్పుడూ పరాయి సొత్తే. పోనీ రిటైరై ఆళ్లగడ్డలో సొంతింట్లో పడ్డాకైనా సుఖపడిందా అంటే అదీ లేదు. వీధిలోకి వస్తే చాలు, “వందనాలు మేట్రనమ్మా” అంటూ ఒకరు పిల్లకు సీటిప్పించమంటారు, ఇంకొకరు కోడలికి బుద్ధి చెప్పమంటారు.

మన దేశంలో సముద్రాలు లేకనా అనుకోవచ్చు. రిటైరయ్యాక అవన్నీ అయ్యాయి. సూర్యలంకలో చెప్పులు విప్పిందో లేదో, ఉయ్యాలవాడ చర్చి సంఘం బస్సు దిగి ఆమె చేత ప్రార్థన చేయించింది. కన్యాకుమారిలో పాత హాస్టలు పిల్ల ఒకతె పట్టుకుని మొగుడి మీద చాడీలన్నీ చెప్పి ఏడ్చింది. వెనకాల సూర్యుడు ఎప్పుడు మునిగాడో లూదియమ్మ చూడనే లేదు. యెరూషలేము మాటెత్తితే ఆమెకు ఒళ్లు మంట. అక్కడా మన బస్సే, మన పాస్టర్లే, మన పులిహోరే. అంత దూరం పోయి అక్కడ కూడా చీకటితో లేచి గంట కొట్టాలా అంటుంది.

ఇక బార్బడోస్ ఆమె కంటబడింది నంద్యాలలో ఒక ఆసుపత్రి టీవీలో. అత్తగారికి స్కానింగు తీస్తుంటే బయట బెంచీ మీద కూర్చుని ఉంది. తెర మీద పచ్చటి నీళ్లు. ఆ నీళ్లలో మోకాళ్ల లోతున కుర్చీ వేసుకుని, తన వయసుదే ఒక లావుపాటి ఆమె కూర్చుంది. పూల గౌను, నెత్తిన టోపీ. ఆమె ఏమీ చేయడం లేదు. చేతిలో అల్లిక లేదు, చేట లేదు, ఫోను లేదు. ఊరికే కూర్చుని నవ్వుతోంది. లూదియమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకు తిరిగాయో ఆమెకే తెలియలేదు. అత్తగారు పోయి, ఏడాది జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక కూడా అయ్యాక, హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు కీర్తన “నీకేం కావాల్నో అడుగు మా, నేను చూసుకుంటా” అన్నప్పుడు ఆమె నోటినుంచి వచ్చింది ఆ దీవి పేరే. కీర్తన ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత సరే అంది.

మిగిలింది భర్త. దేవసహాయం సారు రిటైరైన హెడ్మాస్టరు, ఆళ్లగడ్డ చర్చిలో సంఘ పెద్ద. చర్చి నడిపే కమిటీలో ఆయన మాటకు ఎదురు లేదు. వారంలో ఏ రోజు చూసినా ఆయనకొక కూడిక ఉంటుంది. కూడిక లేనినాడు చర్చి మోటారు చెడిపోయి ఉంటుంది. ఇంటికి వచ్చేది అన్నానికి, అది కూడా సగం రోజులు నిలబడే తింటాడు.

“ఆడేముంది?” అన్నాడు ఆయన.

“సముద్రం.”

“సముద్రం చూసినాక?”

“మళ్లా సముద్రమే.”

కీర్తన పంపిన హోటలు ఫోటో చూపించింది. ఇసకలో కుర్చీలు, కొబ్బరాకుల నీడ. సారు ఆ ఫోటోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తిరిగిచ్చేసి కూడికకు పోయాడు. రెండు మూడు రోజులు ఆ మాటే ఎత్తలేదు. ఇక ఇది జరిగే పని కాదని లూదియమ్మ మనసు రాయి చేసుకుంటుండగా, ఒక సాయంత్రం కమిటీ నుంచి చలాకీగా వచ్చి “పోదాం లే,” అన్నాడు.

పోదాం అనడమే కాదు, ఆ రోజునుంచి ఆమెకంటే ఆయనకే తొందర ఎక్కువైంది. నంద్యాల పోయి నల్లబూట్లు కొన్నాడు. కోటు కుట్టించుకున్నాడు. ఫోను పట్టుకుని మిద్దెక్కి ఇంగ్లీషులో మాట్లాడేవాడు. హోటలు వాళ్లతో అయి ఉంటుందిలే అనుకుంది లూదియమ్మ. సముద్రానికి కోటెందుకో అడుగుదామనుకుని, వస్తున్న మనిషిని ఎందుకు చెడగొట్టుకోవాలని ఊరుకుంది. ఇన్నాళ్లకు మొగుడు తన మాట విన్నాడని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

ఆమె ఏర్పాట్లు ఆమెవి. గడ్డిటోపీ కొంది. చీరతో నీళ్లలో కూర్చుంటే బరువని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండు పంజాబీ డ్రస్సులు కుట్టించుకుంది. టైలరు హిమజకు దీవి పేరు చెప్పి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు పెట్టించుకుంది. హిమజ కొలతలు తీసుకుంటూ ఒకటే నవ్వు. “మాకు తెలుసులే మేట్రనమ్మా,” అంది. ఏం తెలుసో లూదియమ్మ అడగలేదు. ఇంటికొచ్చి వసారాలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చోవడం అలవాటు చేసుకోబోయింది. కాసేపటికే చేతులు దురద పెట్టినట్టయి, లేచి పోయి బియ్యంలో రాళ్లేరింది. అక్కడికి పోతే అదే అలవాటవుతుందిలే అని తనకు తనే చెప్పుకుంది.

ఆ ఆదివారం చర్చి నిండుగా ఉంది. ప్రసంగమయ్యాక ప్రకటనల సమయంలో పాస్టర్ మత్తయి గొంతు సవరించుకున్నాడు.

“సంఘమా, ఈ పొద్దు మనకు గొప్ప దినం. ఈ గుడి కట్టినప్పటినుంచి ఇంతవరకు సముద్రాలు దాటించి మనం సేవకులను పంపింది లేదు. ఈ వేసవిలో పంపుతాండాం.”

ఎవరో ఉత్సాహమున్న పడుచువాళ్లయి ఉంటారనుకుంది లూదియమ్మ. సంతోషపడి అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టింది.

“మన దేవసహాయం సారు, మన లూదియమ్మగారు బార్బడోసు దీవిలో సువార్త పనికి పోతాండారు.”

ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మిగతావాళ్ల చప్పట్లు మాత్రం ఆగలేదు. పక్కన కూర్చున్న సరస్వతమ్మ ఆమెను వాటేసుకుని, “నాతో గూడా చెప్పకుండా దాచిపెట్టినావ్ గదే,” అంది.  తప్పుగా విన్నానేమో అనుకోవడానికి లేదు. బార్బడోసు అనే పేరు పాస్టరు కలలోకి వచ్చి ఉండదు కదా. లూదియమ్మ మగవాళ్ల వైపు చూసింది. సారు పెద్దల బెంచీ మీద తలవంచుకుని తన కాళ్ల వంక చూసుకుంటున్నాడు.

పాస్టరు అక్కడితో వదల్లేదు. ఆయన చదువుకునే రోజుల్లో పరిచయమైన ఒకాయన ద్వారా ఆ దీవిలో ఒక పాస్టరును పట్టుకున్నాడట. అన్నీ ఖాయమైపోయాయట. పొద్దున స్త్రీల కూడిక, అందులో లూదియమ్మగారి వాక్యం. మధ్యాహ్నం ఇళ్ల దర్శనం. సాయంత్రం సారు ప్రసంగం. ప్రతిరోజూ ఇదే, ఆదివారం రెండు పూటలా. వింటూ ఉంటే ఆమె సెలవులోంచి ఒక్కొక్క పూట ఊడిపోతున్నట్టు అనిపించింది. చివరికి సముద్రం ముఖం కడుక్కోవడానికి కూడా మిగల్లేదు.

అంతలో స్త్రీల సమాజం అధ్యక్షురాలు షాలిని ఒక పెద్ద మూట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. విప్పితే చిన్నచిన్న గౌన్లు. గులాబీవి, పసుపువి, అంచుకు లేసు కుట్టినవి. అక్కడి పేద పిల్లల కోసం ఇంతమంది ఆడవాళ్లు ఆమెకు తెలియకుండా, హిమజ మిషను దగ్గర వంతులు వేసుకుని కుట్టారట. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, ఎక్కడో ఒక మాట పుడితే సంఘమంతా కలిసి దానికి గౌన్లు కూడా కుట్టేసింది. లూదియమ్మ ఒక గౌను చేతిలోకి తీసుకుంది. కుట్టు ఎంత సన్నగా ఉందంటే, ఆమెకు ఏడుపొచ్చింది.

“రండమ్మా, ముందుకు రండి. తల మీద చేతులుంచి ప్రార్థన చేసి పంపుతాం,” అన్నాడు పాస్టరు.

ఎవరు లేపారో, ఎలా నడిచిందో ఆమెకు తెలియదు. పాస్టరు ప్రసంగించే బల్ల ముందు మోకాళ్ల మీద ఉంది, పక్కన సారు. పెద్దలు చుట్టూ చేరుతున్నారు.

“ఏందిది?” అంది, పెదవులు కదలకుండా.

“ఇంటికి పోయినాక చెప్తా.”

“సేవ అని మీరే చెప్పినారా?”

“ఇప్పుడు ఊరుకో మే. అందరూ చూస్తాండారు.”

మొగుడి మొహం పాలిపోయి ఉంది. కావాలనే చేశాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.  తలొంచుకుని ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ కూడికలేవో చెప్పి రావచ్చు. ఇన్నేళ్లూ చేసిందేగా. కానీ తల మీద చేతులు పడితే అది ఇక మాట కాదు, ఒప్పుకున్న పని అవుతుంది. దేవుడి ముందు ఒప్పుకున్న పని ఎగ్గొట్టే మనిషి కాదు లూదియమ్మ. పాస్టరు చెయ్యి పైకి లేచింది. అది దిగేలోపల ఆమె లేచి నిలబడింది, మోకాళ్లు పటపటమన్నాయి. మత్తయి చేతిలోని మైకు తీసుకుంది. దేవుడి మేళ్ల గురించి సాక్ష్యం చెప్పబోతోందనుకుని ఆయన ఇచ్చేశాడు కూడా.

“వందనాలు,” అంది. చివరి బెంచీ దాకా వినబడింది, హాస్టల్లో తయారైన గొంతు అది. “నేను సేవకు పోవడం లేదు. సెలవుకు పోతాండా.”

ఎవరో స్తోత్రం అని మధ్యలో ఆపేశారు.

“ఆడికి పోయి ఏం చేస్తానో చెప్తా వినండి. సముద్రం కాడ కూర్చుంటా. ఆకలైతే తింటా. తిని మళ్లా వచ్చి కూర్చుంటా. ఎవరికీ జడెయ్యను. ఎవరికీ వాక్యం చెప్పను. ఆ దేశంలో వీధికొక గుడి ఉంది, ఫోటోల్లో నేనే చూసినా. మన తాతల తాతలకు ఏసయ్య పేరు తెలీకముందే ఆడ గంటలు మోగుతాండాయంట. వాళ్లకు నేను పోయి చెప్పేదేముంది? అబద్ధం మీద చేతులుంచొద్దండి, నాకు భయమైతాది.”

 మత్తయి ఆమె వంకా, సారు వంకా మార్చి మార్చి చూశాడు. అటువంటి చూపు ఆయన మొహాన ఆ సంఘం ఎప్పుడూ చూడలేదు.

“సారూ, మీరే గదా నాతో చెప్పింది?”

“నేనే చెప్పినా,” అన్నాడు దేవసహాయం, మోకాళ్ల మీదినుంచి లేవకుండానే. “ఆమెకేం తెలీదు.”

వెనక వరసలోంచి ఒక నవ్వు వినిపించింది. అది రమ్య నవ్వు. నిరుడు ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ఆమే, మొగుడు శ్యాంసుందరూ గోవా పోయారని తెలిసి, ఇదే బల్ల ముందు వాళ్లను నిలబెట్టి తప్పు ఒప్పించింది కమిటీ. కమిటీ అంటే సారే.

“మాది గోవా కాబట్టి పాపమైపోయింది,” అంది రమ్య. “మేమూ సేవకు పోయినామని చెప్పింటే సరిపోయేది.”

ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. షాలిని మూట దగ్గరికి వచ్చి గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టుకుంటోంది. లూదియమ్మ సాయం చేయబోతే చెయ్యి పక్కకు నెట్టింది. “ఈ గౌన్లు ఈడ హాస్టల్లో పిల్లోళ్లకు సరిపోతాయి షాలినీ,” అంది లూదియమ్మ. “ఎవరికియ్యాల్నో మేం చూసుకుంటాం లే,” అంది షాలిని. ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. సారు లేచాడు. పెద్దల బెంచీ వైపు పోలేదు, నేరుగా గుమ్మం దగ్గరికి నడిచి బూట్లు వేసుకోకుండా చేత్తో పట్టుకుని బయటికి పోయాడు. సరస్వతమ్మ ఒక్కతే గుమ్మం దాకా వచ్చింది. “అలిసిపోయినానని ఒక్క మాట ముందే చెప్పుంటే ఏమయ్యేది మే,” అంది. 

ఇంట్లో ఆ మధ్యాహ్నం ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

“సంఘం ముందర నన్ను నిలబెట్టినావ్,” అన్నాడు సారు.

“నిలబడింది నేను. మీరు మోకాళ్ల మీదే ఉండారు.” అంది లూదియమ్మ. “ఎందుకు చేసినారో చెప్పండి. నేనేం తక్కువ చేసినానని?”

“ఆడికెందుకని పాస్టరు అడిగె. గోవాకు పోయినందుకే వాళ్లను నిలబెట్టినోణ్ని, నేను సముద్రం చూసేదానికి పోతాండానని యే మొహంతో చెప్పేది? సేవకు అన్నా. అంతే. ఆమీట అది నా చేతుల్లో లేదు.”

“మిద్దె మీద ఇంగ్లీషులో మాట్లాడింది గూడా మీ చేతుల్లో లేదా?”

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ముప్పై ఏళ్లు దాటిన కాపురంలో ఈ మనిషి పొదుపుగా మాట్లాడతాడని తెలుసు, కోపంగా మాట్లాడతాడని తెలుసు, అబద్ధం చెప్పడం మాత్రం ఆమె ఎరగదు. అరిచి పోట్లాడదామంటే కూడా అలవాటు లేదు ఇద్దరికీ. లూదియమ్మ గడ్డిటోపీ తీసి బీరువా మీద పడేసింది.

సోమవారం పొద్దున భరణి ఫోను చేశాడు. ఆ రోజు ఖాయం చేయకపోతే టికెట్లు చెయ్యి దాటిపోతాయట. మీ ఇష్టం మేడం, బస్సెక్కి వచ్చి ఏదో ఒకటి చెప్పండి అన్నాడు. లూదియమ్మ చీర మార్చుకుని బయల్దేరింది. పోయేది వద్దని చెప్పడానికో, కావాలని చెప్పడానికో ఆమెకే తేలలేదు. వెనకాలే చెప్పుల చప్పుడు వినబడితే తిరిగి చూసింది. సారు వస్తున్నాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు కనబడ్డారు. ఒక్కరూ వందనాలు అనలేదు. ఎన్నాళ్లుగానో కోరుకున్నదే అయినా, దక్కినాక అది చేదుగా ఉంది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. శిరివెళ్ల దాటేదాకా మాటల్లేవు. కిటికీ అవతల శనగ పీకేసిన నల్లరేగడి చేలు ఎండలో పరుచుకుని ఉన్నాయి.

“నీ ఒక్కదానికే తీసుకో టికెట్టు. నేను రాను,” అన్నాడు సారు.

“సిగ్గుపడతాండారా? సంఘం నాలుగు దినాలు మాట్లాడి మానుకుంటాది.”

“సిగ్గు కాదు.” ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. “నిన్న నీకు చెప్పింది సగమే. రమ్యోళ్ల సంగతి నిజమే గానీ, అది లేకపోయినా నేను ఇదే చేసేవాణ్ని.”

లూదియమ్మ ఎదురుచూసింది. కండక్టరు వచ్చి పోయాడు.

“ఆ ఫోటో చూసినప్పటినుంచి నాకు నిద్ర లేదు. అంత ఇసక, పక్కపక్కన కుర్చీలు. ఆడ దినమంతా కూర్చోని నీతో ఏం మాట్లాడేది?”

“ఏందీ?”

“ఏ పనీ లేకుండా మనిద్దరం ఒక పూటంతా పక్కన పక్కన కూర్చున్న దినం ఉందేమోనని ఎతికినా. దొరకలా. నువ్వు హాస్టల్లో, నేను బళ్లో, గుళ్లో. కలిస్తే పిల్ల చదువు, అమ్మ మందులు. అమ్మ పోయె, పిల్ల పెద్దదాయె. ఇంగ నా కాడ నీకు చెప్పేదేముంది? మొదటి దినం పొద్దున్నే అయిపోతాయి మాటలు. ఆమీట నువ్వు నా తట్టు తిరిగి చూస్తావ్. ఇంతకాలం ఈ మనిషితోనా నేనున్నది అనుకుంటావ్. ఆ చూపు తలుచుకుంటేనే భయమాయె. అందుకే దినమంతా కూడికలు పెట్టించినా. పొద్దున నువ్వొక తావు, సాయంత్రం నేనొక తావు ఉంటామని.”

ఆయన అదంతా కమ్మీకి చెప్పినట్టు చెప్పాడు.  నిన్న చర్చిలో జరిగిందే పెద్ద దెబ్బ అనుకుంది ఆమె. ఇది దాన్ని మరిపించింది. తన సొంత మొగుడు, తనను చూసి భయపడ్డాడు. హాస్టలు పిల్లలు భయపడ్డారు, వార్డెన్లు భయపడ్డారు, అది ఉద్యోగం. ఇంట్లో పక్క మంచం మీద పడుకునే మనిషి, ఆమెతో ఊరికే కూర్చోవలసి వస్తుందని భయపడి, సంఘమంతటికీ అబద్ధం చెప్పి, దేవుణ్ని కూడా మధ్యలోకి లాక్కొచ్చాడు. అంటే ఇన్నేళ్ల కూడికలూ, కమిటీలూ ఇందుకేనా అని అడగబోయింది. కోపంతో లేచి పోయి వేరే సీట్లో కూర్చుందామనుకుంది.

లేవలేదు. ఎందుకంటే ఆ కోపం అడుగున ఇంకో సంగతి బయటపడింది, అది ఆమెను ఇంకా నిలువునా కుదిపింది. ఆసుపత్రి బెంచీ మీదినుంచి నేటిదాకా ఆ సముద్రాన్ని ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. నీళ్లు తలుచుకుంది, నీడ తలుచుకుంది, నెత్తిన టోపీ తలుచుకుంది. ఒక్కసారి కూడా ఈయనను అక్కడ తలుచుకోలేదు. ఆయన వద్దని కాదు. గుర్తుకే రాలేదు. ఆయన వెతికిన దినాన్ని తనూ వెతికింది, ఆమెకు కూడా దొరకలేదు. పక్కకు తిరిగి చూసింది. చెంప మీద గడ్డం సగం గీసుకుని వచ్చేశాడు. చెవి పక్కన వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి. అవి ఎప్పుడు తెల్లబడ్డాయో ఆమె చూడనే లేదు.

బస్సు నంద్యాల పొలిమేర దాటుతుండగా ఫోను మోగింది.

“మేడం, చెప్పేయండి,” అన్నాడు భరణి. “ఒక టికెట్టా, రెండా, అసలు వద్దా?”

“రెండు,” అంది లూదియమ్మ.

సారు ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. “నేను చెప్పింది వినలేదా మే?”

“విన్నా.” ఫోను చేతిసంచిలో పెట్టుకుంది.  “నాకూ భయంగానే ఉంది. ఇన్నేళ్లు పనుల్లో దాక్కోని ఎవరికి వాళ్లం భయపడింది చాలు. ఈసారి ఆ నీళ్లలో కూర్చోని ఇద్దరం కలిసి భయపడదాం రండి.”